మా ఆయన బేస్ హెడ్‌ఫోన్లు

పొద్దున పక్కబట్టలు దులుపుతుంటే మా ఆయన దిండు గలీబు మీద మళ్ళీ నల్లటి పొట్టు కనిపించింది. మాడిన అప్పడం నలిపి చల్లినట్టు చిన్న చిన్న పెంకులు. ఒకటి ఆయన చెవి వెనకాల కూడా అంటుకుని ఉంది. ఆయన వసారాలో కూర్చుని కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నారు. వెళ్ళి కొంగుతో తుడిచాను. ఏమిటన్నట్టు ఒకసారి చూసి మళ్ళీ పేపర్లో పడ్డారు. ఆ పొట్టు ఆయన హెడ్‌ఫోన్లది. చెవుల మీద కూర్చునే మెత్తటి దొప్పలుంటాయి కదా, వాటికి పైన తోలులాంటి పొర ఒకటి వేస్తారు. తోలు కాదు, తోలని చెప్పుకునే ప్లాస్టిక్కు. ఏడాది తిరిగేసరికి ఎండకి కాలిన వీపులాగా పొరలు పొరలుగా లేచిపోతుంది. ఇప్పుడు రాలుతున్నవి మూడో జత కుషన్లు. హెడ్‌ఫోన్లు కొని నాలుగేళ్ళయింది. నాలుగేళ్ళలో మూడు జతలంటే ఎంత నాసిరకమో మీరే చెప్పండి. ఈ మాటే అమ్మిన కొట్టాయనతో అంటే, "నాలుగేళ్ళుగా అదే వాడుతున్నారా మేడం?" అని నోరు తెరిచాడు తప్ప, అయ్యో అనలేదు. అది నేను మర్చిపోలేదు.

నాకు మర్చిపోయే అలవాటు లేదు. మా పెదనాన్న గారి అబ్బాయి పెళ్ళిలో నన్ను లేపి, వచ్చిన వాళ్ళెవరినో ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఎవరో నాకు గుర్తుంది. ఆ రోజు ఆవిడ కట్టుకున్న చీర అంచు కూడా గుర్తుంది. కరెంటాఫీసులో "రేపు రండమ్మా" అని చెప్పి మర్నాడు సెలవు పెట్టిన గుమస్తా ముఖం ఇప్పటికీ గుర్తుపడతాను. ఆయన రిటైరై, జగ్గయ్యపేట సంతలో ఎదురుపడి "బాగున్నారా అండీ" అని నవ్వితే, "మీరు రేపు రమ్మన్నారు, వచ్చాను, మీరు లేరు" అన్నాను. పాపం ఆయనకి ఏమీ అర్థం కాలేదు. మా బంధువులు నన్ను వెనకాల అర్జీలమ్మ అంటారని తెలుసు. ఎదురుగా అనరు. అంటే ఏ తారీకున ఎవరు అన్నారో పదేళ్ళ తర్వాత కూడా చెబుతానని వాళ్ళకి భయం. అయితే ఈ ఫిర్యాదులన్నీ ఒక ఎత్తు, మా ఆయన మీద నా ఫిర్యాదు ఒక్కటే ఒక ఎత్తు. ఆయన నా మాట వినిపించుకోరు. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఈ ఫిర్యాదుని ముప్పై ఏళ్ళకి పైగా మోశాను. అది నిజమా కాదా అన్నది తేల్చింది ఈ పొట్టు రాలే హెడ్‌ఫోన్లే.

మా ఆయన క్రషర్‌లో ఫిట్టరుగా పనిచేసేవారు. ముక్త్యాల వైపు వెళ్ళే రోడ్డులో రాయి పగలగొట్టే చిన్న క్రషర్ ఒకటి ఉండేది. ఇప్పుడది లేదు. షెడ్డు రేకులు కూడా ఎవరో విప్పుకుపోయారు, ఆ జాగాలో లారీలు ఆపుకుంటున్నారు. పెళ్ళయిన కొత్తలో ఆయన క్యారేజీ మర్చిపోతే ఇవ్వటానికి ఒకసారి వెళ్ళాను. గేటు దగ్గరే నా పళ్ళు జివ్వుమన్నాయి. పెద్ద పెద్ద బండలు ఇనప దవడల మధ్య పడి నలుగుతుంటే ఆ చప్పుడు చెవుల్లోకి కాదు, అరికాళ్ళలోంచి ఎక్కుతుంది. అక్కడ ఎవరూ మాట్లాడుకోరు, చేతులు ఊపుకుంటారు. పిడికిలి చూపిస్తే ఆపమని, వేలు గాల్లో సున్నా చుడితే తిప్పమని, బొటనవేలు ఎత్తితే సరేనని. ఎదుటివాడు ఏమన్నాడో అర్థమైనా కాకపోయినా ముందు బొటనవేలు ఎత్తటం క్రషర్ మర్యాద. నేను క్యారేజీ చేతికిచ్చి, "పచ్చడి అడుగు గిన్నెలో ఉంది, ఒలికిపోద్ది జాగ్రత్త" అని అరిచాను. ఆయన నవ్వి బొటనవేలు ఎత్తారు. సాయంత్రం చొక్కా నిండా పచ్చడితో వచ్చారు. నా ఫిర్యాదుల్లో అదే మొదటిది.

ఆ క్రషర్‌లో ఆయనకి ఒక గొప్ప ఉండేది. మిషన్లో ఏ బేరింగు అరిగిపోతోందో అందరికంటే ముందు ఆయనకే తెలిసేది. ఒక ఇనప కడ్డీ కొస బేరింగు మీద ఆనించి, రెండో కొస చెవి ముందున్న ఎముకకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేవారట, డాక్టరు గుండె చూసినట్టు. "ఇది వారం ఆగుద్ది", "ఇది రేపు పొద్దుటికి పోద్ది" అని చెబితే అలాగే జరిగేదట. చుట్టుపక్కల క్రషర్ల వాళ్ళు కూడా బండి పంపించి తీసుకెళ్ళేవాళ్ళు. యజమాని ఒకసారి అందరికీ చెవులు మూసుకునే మూతలు తెప్పించి ఇచ్చాడు, పసుపు రంగువి. మా ఆయన తనవి తీసుకెళ్ళి మేకుకి తగిలించారు. "చెవి మూసుకుంటే బేరింగు ఎట్టా వినపడుద్ది?" అని ఆయన వాదన. అంత చెవి ఉన్న మనిషే పెట్టుకోకపోతే మాకెందుకని మిగతా ఫిట్టర్లూ పెట్టుకోలేదు. ఒకాయన వాటిని ఇంటికి తీసుకెళ్ళి చూరుకి వేలాడదీసి పిచ్చుకలకి గింజలు పోసేవాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను.

ఇంట్లో కూడా ఆయన చెవి అలాగే ఉండేది. రోడ్డు మీద లారీ పోతుంటే లోపల కూర్చునే, అది లోడుతో పోతుందా ఖాళీగా పోతుందా చెప్పేవారు. పక్క వీధిలో బోరు మోటారు నీళ్ళు లేకుండా తిరుగుతోందని అన్నం ముందు నుంచి లేచి వెళ్ళి ఆపించి వచ్చారు. అలాంటి మనిషికి వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం వినపడదు. నాలుగుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతారు, పలికినా "సరే" అంటారు. ఆ సరే విని, ఆయన పాలు తెస్తారనో, గ్యాసు బుక్ చేస్తారనో నేను నిశ్చింతగా ఉంటాను. ఏదీ జరగదు. అడిగితే, "ఎప్పుడు చెప్పావు?" అంటారు. పక్క వీధిలో మోటారు వినపడ్డ చెవికి పక్క గదిలో పెళ్ళాం వినపడకపోతే దాన్ని ఏమనుకోవాలి? లోకంలో చప్పుళ్ళన్నీ కావాలి, నా మాట ఒక్కటే అక్కర్లేదు అనుకోనా? అదే అనుకున్నాను.

నందిగామ బస్టాండు సంగతి చెబితే మీకూ అదే అనిపిస్తుంది. నందిగామలో మా ఆడపడుచు ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వెళ్ళి, భోజనాలయ్యాక తిరుగు ప్రయాణానికి బస్టాండుకి వచ్చాం. బస్సు ఇంకా రాలేదు కదా అని నేను జామకాయల బండి దగ్గరికి వెళ్ళాను. కాయలు ఏరుతుండగానే జగ్గయ్యపేట బస్సు వచ్చేసింది. ఆయన జనంతో పాటు దాని వైపు వెళ్తున్నారు. "ఏవండీ, ఆగండి, నేనొస్తున్నా" అని కేకేశాను. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాలుగోసారికి వెనక్కి తిరిగి చూశారు. నేను చెయ్యి ఊపాను. ఆయన నవ్వి, బొటనవేలు ఎత్తి, బస్సెక్కి వెళ్ళిపోయారు. చేతిలో జామకాయలతో నేనక్కడ నిలబడిపోయాను. బండివాడు, "ఏంటమ్మా, సారు వెళ్ళిపోయినట్టున్నారే" అన్నాడు. వాడూ గుర్తున్నాడు. తర్వాత బస్సు చాలాసేపటికి గానీ లేదంటే మళ్ళీ ఆడపడుచు ఇంటికే నడిచాను. తను గుమ్మంలో నిలబడి, "మా అన్నయ్య వదిలేసి వెళ్ళాడా వదినా? పోన్లే, తాళాలు నీ దగ్గరేగా, ఎక్కడికి పోతాడు" అని నలుగురిలో నవ్వింది. చీకటి పడే వేళకి నేను ఇల్లు చేరేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు, పక్కింటి వాళ్ళిచ్చిన మంచినీళ్ళ చెంబు పక్కన పెట్టుకుని. "నువ్వు అక్కడే ఉంటానన్నావనుకున్నా" అన్నారు. అబద్ధం కూడా సరిగ్గా చెప్పటం రాదని వారం రోజులు మాట్లాడలేదు. ఆయనకి ఆ వారం బాగానే గడిచినట్టు కనిపించింది. అది ఇంకా మంట.

క్రషర్ మూసేశాక ఆయన ఇంట్లోనే ఉండటం మొదలైంది. టీవీ పెడితే వీధి చివరికి వినపడేది. ఆయన క్రషర్ స్నేహితుల ఇళ్ళలోనూ అంతే, వాళ్ళు మాట్లాడుకుంటున్నా పోట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. అందుకని అది ఆ పని అలవాటేనని అనుకున్నాను. ఒకరోజు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, "మా టీవీ అమ్మేద్దామనుకుంటున్నాం వదినగారూ, మీ ఇంట్లో వార్తలు మాకు సరిపోతున్నాయి" అంది. నవ్వుతూనే అంది. నవ్వుతూ అన్న మాటలే నాకు ఎక్కువ గుర్తుంటాయి. మర్నాడే బయల్దేరి నందిగామ వెళ్ళాను. జగ్గయ్యపేటలో కొట్లు లేక కాదు. అక్కడి కొట్టుకి నేను వెళ్ళను. మిక్సీ జారు విషయంలో ఆ కొట్టు యజమాని నాతో మాట్లాడిన తీరు అలాంటిది.

నందిగామ కొట్టాయనకి ముప్పై ఏళ్ళుంటాయి. చెవులు పూర్తిగా మూసేసేవి, చప్పుడు బయటికి రానివి, వైరు లేనివి కావాలన్నాను. "బాబుకా మేడం?" అన్నాడు. "మా ఆయనకి" అన్నాను. "పెద్దాయనకైతే ఇవి వద్దండి, ఇవి కుర్రాళ్ళు పట్టుకెళ్తున్నారు. బేస్ గుద్దుద్ది" అన్నాడు. "గుద్దితే ఆయన చెవులనేగా గుద్దుద్ది, పక్కింటావిడని కాదుగా" అన్నాను. ఒకసారి పెట్టి వినిపించాడు. డప్పులో తల దూర్చినట్టుంది. దరువు గుండెల మీద తడుతోంది, పాడే ఆవిడ మాత్రం తలుపు అవతల నిలబడి పాడుతున్నట్టుంది. ఇంతకంటే మంచివి ఉన్నాయి, కానీ వాటి ధర వింటే టీవీయే అమ్మేయటం మేలనిపించింది. చప్పుడు బయటికి రావట్లేదు, నాకు కావాల్సింది అదే. తీసుకున్నాను.

మొదటి వారం ఆ హెడ్‌ఫోన్లు తలని పట్టకారులా నొక్కాయి. గంట తర్వాత తీస్తే చెవుల చుట్టూ గుండ్రటి అచ్చులు. ఆయన ఏమీ అనలేదు. అనరు కూడా, ఆయనకి ఫిర్యాదు చెయ్యటం రాదు, ఇంట్లో ఆ శాఖ నాది. నేనే వాటిని సాగదీసి, రాత్రంతా ఇడ్లీ పాత్రకి తొడిగి ఉంచాను. మూడు రాత్రులకి దారికొచ్చాయి. తర్వాత ఎండలొచ్చాయి. మా జగ్గయ్యపేట ఎండలు తెలుసు కదా, చుట్టూ సున్నపురాయి, నేల రాత్రికి కూడా చల్లారదు. ఆ నల్ల దొప్పల్లో ఆయన చెవులు ఉడికి ఎర్రగా అయ్యేవి, చెమట మెడ మీదికి కారేది. పాత జాకెట్టు లైనింగు గుడ్డ కత్తిరించి, అంచుకి ఎలాస్టిక్కు వేసి దొప్పలకి గలీబులు కుట్టాను. నాలుగు జతలు, రోజుకొకటి ఉతుకుతాను. ఒకసారి మంచం మీంచి కిందపడి మడతపెట్టే చోట విరిగింది. ఆయన సైకిలు చువ్వ ముక్క వంచి, లోపల ఇరికించి, పైన నల్ల టేపు చుట్టారు. అప్పట్నుంచి అది మడవదు, విరగదు. నిజం చెప్పాలంటే ఆ వస్తువులో కంపెనీ చేసినవాటిలో ఇప్పటిదాకా నిలబడినవి లోపలి స్పీకర్లు, బ్యాటరీ మాత్రమే, మిగతాదంతా మేం చేసుకున్నది.

కానీ ఆయనకి అవి ఎంత నచ్చాయంటే, నాకు అనుమానం వచ్చేంత నచ్చాయి. పాటలంటే ఎప్పుడూ పెద్దగా పట్టించుకోని మనిషి, పొద్దునా సాయంత్రం పాటలు పెట్టుకుని పాదం ఆడించటం మొదలుపెట్టారు. "ఇన్నాళ్ళకి పాట పాటలా ఉంది" అన్నారు. నేను పెట్టుకుని చూస్తే నూతిలో పాడినట్టుంది. దీన్ని పాట అంటారేంటి అని నాకు ఉక్రోషం. పల్లెవెలుగు బస్సెక్కి నందిగామ వెళ్ళి కొట్టాయనకి చెప్పాను, ఇందులో ఆడగొంతు వినపడట్లేదని. ఆయన పెట్టుకుని విని, "బానే ఉందిగా మేడం, ఈ రకం ఇట్టాగే ఉంటాయి, ముందే చెప్పా" అన్నాడు. "సారేమంటున్నారు?" అని అడిగాడు. "ఆయనకి బ్రహ్మాండంగా ఉందంట" అన్నాను. కొట్టాయన పక్కనున్న ఛార్జర్ల పెట్టె సర్దుతూ, "వాడేది ఆయన, పేచీ మీది" అన్నాడు. కొట్లో ఇంకో ఇద్దరున్నారు, నవ్వారు. ఆ మాట పట్టుకుని నేను రెండోసారి వెళ్ళాను. కుషన్ల పొర లేచిపోయిందని చూపించాను. "స్పీకరుకే గ్యారంటీ అండీ, తోలుకి కాదు" అన్నాడు. మూడోసారి వెళ్ళేముందు సాక్ష్యం ఉండాలని నిర్ణయించుకున్నాను. మా ఆయన్నే కూర్చోబెట్టి, ఆయన నోటితోనే, అవును ఇందులో సన్నటి చప్పుళ్ళు వినపడటం లేదని చెప్పించాలి. అప్పుడు కొట్టాయన ఏమంటాడో చూడాలి.

మధ్యాహ్నం భోజనమయ్యాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. నాకు కంఠతా వచ్చిన పాత పాట ఒకటుంది. మొదట గజ్జెల చప్పుడు, దాని వెనక పిట్ట కూసినట్టు సన్నగా వేణువు, చాలాసేపు ఆ రెండే ఉంటాయి, తర్వాత డోలక్ మీద దెబ్బ పడుతుంది. హెడ్‌ఫోన్లు ఆయన తలకి తొడిగి, ఫోను నా చేతిలో పెట్టుకుని, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను. పాట మొదలుపెట్టాను. ఫోన్లో క్షణాలు నడుస్తున్నాయి. ఆయన నా వైపు చూస్తున్నారు. నేను ఆయన వైపు చూస్తున్నాను. గజ్జెలు అయిపోయి వేణువు సగంలో ఉండాలి. "ఇంకా పెట్టలేదా?" అన్నారు ఆయన. పెట్టానని తలూపాను. ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. డోలక్ పడే చోటికి రాగానే, "ఆఁ, వచ్చింది" అని పాదం ఆడించారు.

మళ్ళీ మొదటికి తిప్పాను. మళ్ళీ అంతే. మూడోసారి కూడా సరిగ్గా డోలక్ దెబ్బ దగ్గరే ఆయన ముఖం వెలిగింది. హెడ్‌ఫోన్లు తీసి నేను పెట్టుకున్నాను. గజ్జెలున్నాయి. దూరంగా, మసకగా ఉన్నాయి, కానీ ఉన్నాయి. వేణువూ ఉంది. అలాగే పాట మొత్తం విన్నాను. పాట వినటానికి కాదు, ముఖం ఎటు తిప్పుకోవాలో తెలీక. తర్వాత వాటిని తీసి ఆయన ఒళ్ళో పెట్టి, లేచి నీళ్ళ కోసం వెళ్ళినట్టు వెళ్ళి, ఆయన కుర్చీ వెనకాల నిలబడి, మామూలు గొంతుతో, "సాయంత్రం నందిగామ వెళ్దామా?" అన్నాను. ఆయన తల కొంచెం కదిలింది. "సరే" అన్నారు. "మీ పేరేంటి?" అన్నాను. "సరే" అన్నారు.

నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎవరిదో ఒకరి తప్పుండాలి. ముందుకు వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాను. "ఎప్పట్నుంచి?" అన్నాను. ఆయన నా పెదాల వైపు చూశారు. ఇన్నేళ్ళూ నేను మాట్లాడుతుంటే ఆయన కళ్ళలోకి చూడరని నాకు ఇంకో ఫిర్యాదు ఉండేది. చూసేది పెదాల వైపని అప్పుడు తెలిసింది. "ఏది ఎప్పట్నుంచి?" అన్నారు, తెలిసే. ఆయన హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని, నేను కుట్టిన గలీబు ఎలాస్టిక్కు లాగి వదిలారు. "పూర్తిగా వినపడకుండా ఏం లేదు. నువ్వేదో అంటున్నావని తెలుసుద్ది. ఏమంటున్నావో తెలీదు. అక్షరాలు అరిగిపోయి వస్తాయి" అన్నారు. పెళ్ళయిన ఐదారేళ్ళకే మొదలైందట. మోటార్లు, లారీలు, దరువులు ఎప్పటిలానే వినపడేవి. పోయినవి పిట్టలు, కుక్కరు కూత, నేను.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "బేరింగు చెవి నాదని పది క్రషర్ల వాళ్ళు అనేవాళ్ళు. ఆ చెవే బాలేదంటే ఇంక నా దగ్గర ఏముంది?" అన్నారు. అది నాకు అర్థమైంది. "వాళ్ళకి చెప్పకపోతే పోయారు, నాకు చెప్పొచ్చుగా?" అన్నాను. ఆయన కొంచెం నవ్వారు. "నీకు చెబితే ఊరుకుంటావా? మర్నాడే క్రషర్ ఆఫీసు ముందు కూర్చునేదానివి. అర్జీ పెట్టేదానివి. నన్ను తీసుకెళ్ళి గేటు దగ్గర కాపలాకి కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు" అన్నారు. కాదని అనటానికి నోరు తెరిచాను. మా ఆయన నన్ను ఎరిగిన మనిషి. నేను అదే చేసి ఉండేదాన్ని, ఆఫీసు ముందు ఏ చీర కట్టుకుని కూర్చునేదాన్నో కూడా చెప్పగలను. "మరి నందిగామ బస్టాండు?" అన్నాను. ఆ మాట ఎత్తగానే ఆయన ఒక్క క్షణం తల దించుకున్నారు. "నువ్వు చెయ్యి ఊపావు. చెల్లెలి దగ్గర ఉండిపోతా, మీరెళ్ళండి అంటున్నావనుకున్నా. బస్సు చిల్లకల్లు దాటాక జేబు చూసుకుంటే తాళాల్లేవు. అప్పుడర్థమైంది." "అర్థమయ్యాక దిగి వెనక్కి రావచ్చుగా?" అన్నాను. "వచ్చి ఏం చెప్పను, వినపళ్ళేదనా?" అన్నారు. అని, "పెళ్ళాన్ని వదిలేశాడంటే వారం తిడతారు. చెవిటోడంటే చచ్చేదాకా అంటారు" అన్నారు.

ఆ రాత్రి నుంచి చాలా రోజులు నేను నా పాత ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటి తీసి చూసుకున్నాను, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. పచ్చడి చొక్కా పక్కన పెట్టేశాను, అక్కడ క్రషర్ మోతలో ఎవరికీ వినపడదు. పాలు తేకపోవటాలు, గ్యాసు మర్చిపోవటాలు, వాన పడుతుంటే బట్టలు తియ్యమంటే సరే అని కదలకుండా కూర్చోవటాలు, అన్నీ వెనక నుంచి చెప్పినవే, అన్నీ కొట్టేశాను. అంటే, ఉన్నవన్నీ కొట్టెయ్యలేదు. మా తమ్ముడి పెళ్ళిలో ఫొటోకి రమ్మంటే రాకపోవటం ఉంది, అది ఎదురుగా నిలబడి, చెయ్యి పట్టుకుని పిలిచింది. దానికి చెవితో సంబంధం లేదు. అది అలాగే ఉంచాను. కానీ ముప్పై ఏళ్ళుగా నిండుగా ఉన్న గాదె ఒక్కసారి ఖాళీ అయితే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. తేలికైందని మీరనుకుంటారు. ముందు దిగులేసింది. అవతల తప్పు చేసిన మనిషి ఉన్నాడన్న ధైర్యంతోనే ఇన్నేళ్ళూ సంసారం చేశానేమో అనిపించింది. ఫిర్యాదు ఎవరి మీద పెట్టను? యజమాని మూతలు ఇచ్చాడు. క్రషర్ లేదు. మేకుకి తగిలించింది ఈయన, పిచ్చుకల కథ విని నవ్వింది నేను.

బెజవాడలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసి ఒక కాగితం మీద గీత గీసి చూపించారు. బొంగురు చప్పుళ్ళున్న ఎడమ వైపు గీత పర్వాలేదన్నట్టు నడిచి, కుడి వైపు సన్నటి చప్పుళ్ళ దగ్గర నిట్టనిలువునా కిందికి పడిపోయింది. ఆయన ఆ కాగితం తిప్పి తిప్పి చూసి, "మెట్లు కట్టకుండా నిలువుగా క్వారీ తవ్వినట్టుందే" అన్నారు. డాక్టరుగారికి అర్థం కాలేదు. నాకు అర్థమై నవ్వాను, ఆసుపత్రిలో అలా నవ్వినందుకు ఒకావిడ నా వైపు అదోలా చూసింది. ఆవిడ్ని క్షమించాను. చెవికి చిన్న మిషను రాసిచ్చారు. ఎవరైనా ఇంటికొస్తే, బ్యాంకుకి వెళ్తే పెట్టుకుంటారు. తలుపు చప్పుడు, గిన్నెల చప్పుడు, పక్కింటావిడ చప్పుడు అన్నీ ఒకేసారి చెవిలో పోస్తుందని ఆయనకి దాని మీద పెద్ద ప్రేమ లేదు. పాటలకి మాత్రం ఆ హెడ్‌ఫోన్లే. మంచివి, సన్నటి చప్పుళ్ళు కూడా స్పష్టంగా వినిపించేవి కొందామన్నాను. "నాకు లేని చప్పుళ్ళు అందులో ఉంటే ఏం, లేకపోతే ఏం? నాకున్నవి ఇది బాగా వినిపిస్తోంది" అన్నారు. డాక్టరుగారు వాల్యూం సగం దాటనివ్వద్దన్నారు కాబట్టి, ఆ సగం మీద కాపలా నాది. కొట్టాయన దగ్గరికి కుషన్ల కోసం వెళ్ళినప్పుడు ఇదంతా చెప్పలేదు. "ఆడగొంతు సంగతేంటి మేడం, తేలిందా?" అని అడిగాడు. తేలిందన్నాను.

ఇప్పుడు నేను ఆయన్ని వెనక నుంచి పిలవను. చెప్పాల్సింది ఏదైనా ఉంటే గరిట పక్కన పెట్టి, స్టవ్ తగ్గించి, హాల్లోకి నడిచి, ఆయన ముందుకు వెళ్ళి నిలబడతాను. ఆయన తలెత్తి చూశాక మాట మొదలుపెడతాను. వంటింటి గుమ్మం నుంచి ఆయన కుర్చీ దాకా పన్నెండు అడుగులు. బయల్దేరినప్పుడు ఉన్న కోపంలో సగం దారిలోనే అయిపోతోంది. ఒక్కోసారి ఏం అడగటానికి వచ్చానో గుర్తురాక అలా నిలబడిపోతే, ఆయన ఒక దొప్ప పక్కకి లాగి, "చెప్పు" అంటారు. "ఏం లేదు" అంటాను. "ఏం లేకుండా నువ్వు రావుగా" అంటారు. అటు నుంచి మీరూ ఆరడుగులు రావచ్చు కదా అని ఈమధ్య అడిగాను, ఆయన బొటనవేలు ఎత్తారు, ఇంకా రాలేదు, చూస్తున్నాను. ఎవరు ఎప్పుడు ఏమన్నారో అన్నీ గుర్తుపెట్టుకున్న నాకు, మా ఇంట్లో ఆ పన్నెండు అడుగులు నడవటానికి మాత్రం ముప్పై ఏళ్ళు పట్టింది.